నీతి అడగకుండా చదివించడం: ‘వండర్’ నవలను పిల్లలతో కలిసి చదవడానికి ఒక మార్గదర్శి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్‌లోనో, మారతహళ్లిలోనో, బెళ్లందూరులోనో తెలుగువాళ్ల ఫ్లాట్‌కు వెళ్తే, పిల్లల పుస్తకాల మధ్య నీలం అట్ట మీద ఒంటికన్ను ముఖం ఉన్న నవల ఒకటి తరచూ కనిపిస్తుంది. అది ఆర్.జె. పలాసియో రాసిన ‘వండర్’. 2012లో అమెరికాలో వచ్చింది. ఆగస్ట్ పుల్‌మన్ అనే పదేళ్ల అబ్బాయి ముఖం పుట్టుకతోనే వేరుగా ఉంటుంది. ఇంట్లో అందరూ ఆగీ అని పిలుస్తారు. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు కావడంతో అన్నాళ్లూ ఇంట్లోనే చదువుకున్నవాడు, అయిదో తరగతిలో మొదటిసారి బడిలో అడుగుపెడతాడు. ఆ ఒక్క విద్యాసంవత్సరమే కథ.

మన ఇళ్లలో ఈ పుస్తకం ముగిసే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. పిల్లవాడు చదివేసి పక్కన పెడతాడు. మనం "ఇందులోంచి ఏం నేర్చుకున్నావు?" అని అడుగుతాం. వాడు "అందరితో కైండ్‌గా ఉండాలి" అని అప్పజెప్తాడు. మనకు తృప్తి, వాడికి విడుదల. సాయంత్రం కింద ఆడుకునేటప్పుడు మాత్రం "రేయ్ బండోడా, బాల్ వెయ్‌రా" అనే కేక మామూలే. నీతికథల మీద పెరిగినవాళ్లం కాబట్టి కథ అనగానే చివర్లో నీతి అడగడం మనకు అలవాటు. ఈ నవలకు ఆ అలవాటు పనికిరాదు. నీతి దొరికిన మరుక్షణం పిల్లలు ఆలోచించడం మానేస్తారు. అందుకే కింద చెప్పిన పద్ధతిలో ఎక్కడా "నీతి ఏమిటి?" అన్న ప్రశ్న ఉండదు. ఇది తొమ్మిది నుంచి పదమూడేళ్ల పిల్లలకు సరిపోతుంది. ఇంట్లో ఒక్కరితో చేయవచ్చు కానీ నలుగురైదుగురు ఉంటే రక్తి కడుతుంది.

1. ముందు పెద్దవాళ్లు చదవాలి

పిల్లల పుస్తకమే కదా అని అట్ట వెనక నాలుగు లైన్లు చూసి మొదలుపెట్టకండి. ఈ నవల పుట్టిందే ఒక పెద్దమనిషి తడబాటులోంచి. పలాసియో ఓ రోజు ఇద్దరు కొడుకులతో ఐస్‌క్రీమ్ షాపు బయట కూర్చుంది. పక్కనే ముఖం వేరుగా ఉన్న ఒక పాప ఉంది. ఆ పాపను చూసి చిన్నకొడుకు భయంతో ఏడుపు అందుకున్నాడు. పాప ఎక్కడ నొచ్చుకుంటుందోనని ఆవిడ హడావిడిగా పిల్లలను లాక్కుని వెళ్లిపోయింది. తర్వాత, తాను అలా పారిపోకుండా ఆ పాపతో మాట్లాడి ఉండాల్సిందే అన్న బాధతో ఆ రాత్రే రాయడం మొదలుపెట్టానని ఆవిడే చెప్పింది.

మనం చేసేదీ అదే. మెట్రోలో, గుడి దగ్గర, ఫీనిక్స్ మాల్‌లో ఎవరైనా వేరుగా కనిపిస్తే పిల్లవాడి చెయ్యి పట్టుకుని లాగి "అలా చూడకూడదు" అని గుసగుసలాడతాం. నాలుగడుగులు దాటాక "పాపం, ఎవరి ఖర్మ వాళ్లది" అంటాం. పిల్లవాడికి అందేది ఒక్కటే: అక్కడేదో భయపడాల్సింది ఉంది, దాని గురించి మాట్లాడకూడదు.

కాబట్టి పుస్తకం మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు ఇంట్లో మనం మనుషులను ఏమని గుర్తుపడుతున్నామో గమనించండి. "ఆ కుంటాయన షాపు", "నత్తోడు ఫోన్ చేశాడు", "సోడాబుడ్డి కళ్లద్దాల టీచర్". ఇవేవీ కోపంతో అన్నవి కావు, నోటికి అలవాటైనవి. పెళ్లిచూపుల మాట వస్తే "నల్లగా ఉన్నా కళగల మొహం" అని మెచ్చుకుంటాం కూడా. ఆదివారం మధ్యాహ్నం పెట్టుకునే కామెడీ సీన్లలో సగం నత్తి మీదో, లావు మీదో, పొట్టి మీదో నడుస్తాయి. పిల్లలకు చెప్పక్కర్లేదు, కాగితం మీద రాసుకుంటే చాలు. నవలలో ఆగీని ఏడిపించే జూలియన్ అనే పిల్లవాడి మాటలు చదివేటప్పుడు అవి మీకు మరీ పరాయిగా అనిపించవు.

2. పుస్తకం, పిల్లలు, చోటు

ఇందులో పెద్దగా చెప్పడానికి లేదు. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వార్మ్ లాంటి పుస్తకాల షాపుల్లో అడిగితే పాత కాపీలు తక్కువ ధరకు దొరికే అవకాశం ఉంది. ఇద్దరికి ఒక కాపీ ఉన్నా సరిపోతుంది. శనివారం సాయంత్రం పెట్టుకుంటే కరాటే, కీబోర్డ్, అబాకస్ క్లాసులు అడ్డం రావని అనుకుంటాం. వస్తాయి. ఎవరు రాకపోయినా ఆపకుండా నడిపించండి. చోటుకు క్లబ్‌హౌస్ కంటే ఎవరో ఒకరి హాలు మేలు. క్లబ్‌హౌస్‌లో పిల్లలు ‘ప్రోగ్రాం’ అనుకుని మర్యాదగా అబద్ధాలు చెప్తారు.

నవల 300 పేజీల పైచిలుకు. మొత్తం గట్టిగా చదివితే ఎనిమిది గంటలు పడుతుంది, అంత అక్కర్లేదు. అధ్యాయాలు చాలా చిన్నవి, ఎక్కువగా రెండు మూడు పేజీలే. ఎక్కువ భాగం పిల్లలు ఇంట్లో చదువుకుని వస్తారు, కీలకమైనవి మాత్రం కలిసినప్పుడు గట్టిగా చదవాలి.

పుస్తకం ఎనిమిది భాగాలు. మొదట ఆగీ చెప్తాడు. తర్వాత అక్క వియా, స్నేహితురాలు సమ్మర్, స్నేహితుడు జాక్, వియా బాయ్‌ఫ్రెండ్ జస్టిన్, మళ్లీ ఆగీ, వియా పాత స్నేహితురాలు మిరాండా, చివరగా మళ్లీ ఆగీ. ఎనిమిది వారాలకు ఎనిమిది భాగాలని సమానంగా పంచకండి. జస్టిన్, మిరాండా భాగాలు ఒకే వారంలో అయిపోతాయి. జాక్ భాగానికి రెండు వారాలిచ్చినా చాలదు.

3. ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో మాట్లాడుకోవడం

మన పిల్లలు బడిలో ఇంగ్లిష్, కింద ప్లేగ్రౌండ్‌లో కన్నడ, హిందీ కలగలుపు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఈ నవలను ఇంగ్లిష్‌లోనే చదవనివ్వండి. మాటలు మాత్రం తెలుగులో జరగాలని పట్టుబట్టండి. ఇది భాషాభిమానంతో చెప్తున్నది కాదు. ఇంగ్లిష్‌లో అడిగితే పిల్లలు బడి గోడ మీది పోస్టర్ భాషలో జవాబిస్తారు: ఇన్‌క్లూజివ్, ఎంపతీ, రెస్పెక్ట్. తెలుగులో వాళ్లకు ఆ పోస్టర్ మాటలు లేవు. "వాణ్ణి ఎవ్వరూ పక్కన కూర్చోనివ్వలేదు ఆంటీ, మా క్లాసులో కూడా ఒకడున్నాడు" అనే మాట తెలుగులోనే వస్తుంది.

ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఇంకో పని చేయండి. ఆ వారం చదివిన భాగాన్ని పిల్లలు రాత్రి వాళ్లకు తెలుగులో కథగా చెప్పాలి. మీరు దూరంగా కూర్చుని వినండి. పిల్లవాడు ఏది వదిలేసి చెప్తున్నాడో గమనించండి, వచ్చే శనివారం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తను ఎవరినైనా ఏడిపించి ఉంటే, తోటిపిల్లలు ఆగీని వెలివేసే ప్లేగు ఆట అధ్యాయాన్ని చాకచక్యంగా దాటేస్తాడు.

4. "అసలు ఎలా ఉంటాడు?" అన్న ప్రశ్న

మొదటి వారమే వస్తుంది. ఆగీ తన ముఖాన్ని మొదట్లో వర్ణించడు, మీరు ఊహించుకునే దానికన్నా ఘోరంగానే ఉండొచ్చని మాత్రం అంటాడు. పిల్లలకు అది ఆగదు, ఫోన్‌లో వెతుకుతారు. వెతక్కముందే మీరు మామూలు గొంతుతో చెప్పేయండి.

ఆగీకి ఉన్నది నిజజీవితంలోని ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్‌కు దగ్గరగా ఉంటుంది. దాదాపు 50,000 మందిలో ఒకరు దానితో పుడతారు. కడుపులో ఉన్నప్పుడే దవడ, చెంపల ఎముకలు, చెవులు పూర్తిగా ఎదగవు. చాలామందికి వినికిడి తగ్గుతుంది. తెలివితేటలకు మాత్రం సాధారణంగా ఏ లోటూ ఉండదు. జన్యువులో వచ్చే మార్పు వల్ల ఇది జరుగుతుంది. సగానికి పైగా సందర్భాల్లో తల్లికీ తండ్రికీ ఆ మార్పు ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. అంటుకునేది కాదు. ఈ చివరి మాట పెద్దపిల్లలకు కూడా ఒకసారి గట్టిగా చెప్పండి, కొందరు లోపల్లోపల అనుమానపడుతూనే ఉంటారు. ఫొటోలు చూపించాలా అంటే, నా మటుకు నేను చూపించను. వెతికితే వచ్చేవి ఎక్కువగా ఆసుపత్రి ఫొటోలు. మనిషి పేరు తెలియకుండా ముఖం మాత్రం చూడడం ఈ పుస్తకం మొత్తం వద్దంటున్న పనే.

ఇక్కడ అమ్మమ్మ నుంచి ఒక మాట వస్తుంది: "గ్రహణం చూసుంటుందిలే వాళ్లమ్మ." ఆవిడ దృష్టిలో ఉన్నది గ్రహణం మొర్రి, అంటే పెదవి, అంగిలి చీలి పుట్టడం. అది ఆగీ సమస్య కన్నా చాలా ఎక్కువమందికి వస్తుంది, ప్రపంచం మొత్తం మీద దాదాపు 700 మందిలో ఒకరికి. పైపెదవి గర్భంలో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల, రెండు వైపుల కణజాలం వచ్చి కలవడంతో తయారవుతుంది. ఆ కలయిక పూర్తి కాకపోతే చీలిక మిగులుతుంది. ఆ సమయానికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమని కూడా సరిగా తెలియదు. గ్రహణం రోజు కూరగాయలు తరిగిందా, బయటికొచ్చిందా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. ఆపరేషన్‌తో పెదవిని బాగా సరిచేయవచ్చు. పిల్లల ముందు అమ్మమ్మను తప్పుపట్టి చిన్నబుచ్చకండి. కానీ ఈ సంగతి పిల్లలకు చెప్పకుండా వదలొద్దు. గ్రహణం కథ చివరికి వెళ్లి తగిలేది తల్లికే: బిడ్డ ముఖం అలా ఉండడం ఆవిడ తప్పని ఊరంతా ఒప్పుకున్నట్టు అవుతుంది.

5. ప్లేగు ఆట దగ్గర ఆగండి

పుస్తకం మొత్తంలో ఒకే ఒక్క చోట తీరిగ్గా కూర్చోవాలంటే ఇక్కడ కూర్చోండి. సమ్మర్ భాగంలో వస్తుంది. బడిలో పిల్లలు ఒక ఆట కనిపెడతారు. పొరపాటున ఆగీని తాకితే ముప్పై సెకన్లలోపు చెయ్యి కడుక్కోవాలి, లేకపోతే ‘ప్లేగు’ అంటుకున్నట్టు. సమ్మర్‌కు ఆ సంగతి తెలిసినా అతని పక్కన కూర్చుని అన్నం తింటూనే ఉంటుంది.

ఈ అధ్యాయాన్ని గట్టిగా చదివి, ప్రశ్నేమీ అడక్కుండా కాసేపు ఊరుకోండి. పిల్లలే మాట్లాడతారు. కోవిడ్ రోజుల్లో దగ్గితే అందరూ దూరం జరగడం ఒకరికి గుర్తొస్తుంది. మా హాల్లో ఇది చదివినప్పుడు ఒక బాబు, "ఆంటీ, మన సర్వీస్ లిఫ్ట్ కూడా ఇలాంటిదే కదా?" అన్నాడు, పనివాళ్లు ఎక్కాల్సిన లిఫ్ట్ గురించి. ఓ పాప వెంటనే, "కాదు, అది రూల్" అంది. "ఎవరు పెట్టారు రూల్?" "అసోసియేషన్." "అసోసియేషన్‌లో ఎవరుంటారు?" ఆ పాప కొంచెం ఆగి, "మా డాడీ" అంది. నవ్వారు అందరూ. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

అప్పుడు మీరు చేయాల్సిన పని చాలా కష్టమైనది: ఉపన్యాసం ఇవ్వకపోవడం. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిందని, పల్లెల్లో టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని, పనిమనిషికి విడిగా పెట్టే స్టీలు గ్లాసు కూడా ఆ వరసలోదేనని చెప్పాలని నాలుక దురద పెడుతుంది. పెద్దపిల్లలు అడిగితే చెప్పండి. అడగకపోతే ఒక్క ప్రశ్నతో సరిపెట్టండి: "ప్లేగు ఆట మొదట ఎవరు మొదలుపెట్టారో నవలలో ఎవరికైనా కచ్చితంగా తెలుసా?" పిల్లలు పేజీలు తిరగేస్తారు. అందరూ ఆడుతున్నారు కాబట్టి ఆడుతున్నామనే జవాబు దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు.

ఒక జాగ్రత్త. ఈ వారం సంగతి మిగతా పిల్లల తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచండి. రాత్రి భోజనాల దగ్గర "మన లక్ష్మక్క సోఫాలో ఎందుకు కూర్చోదు?" అని పిల్లవాడు అడిగితే, ఎవరు నేర్పించారని మీకు ఫోన్ రావచ్చు. ముందే చెబితే కొందరు పంపకపోవచ్చు. అయినా చెప్పడమే మర్యాద.

6. జాక్ నోరు జారిన చోటు

హాలోవీన్ రోజు బడికి అందరూ వేషాలు వేసుకొస్తారు. ఆగీకి ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు అదే, ముసుగు వెనక తనూ అందరిలాంటివాడే. చివరి నిమిషంలో వేషం మార్చుకోవడంతో ఎవరూ గుర్తుపట్టరు. స్నేహితుడు అనుకున్న జాక్, జూలియన్ గుంపుతో కలిసి తన గురించి వెటకారంగా మాట్లాడడం చెవులారా వింటాడు. తనకే అలాంటి ముఖం ఉంటే చచ్చిపోయేవాణ్ణి అన్న అర్థంలో అంటాడు జాక్.

ముందుగా ఆ చావు మాట సంగతి. మన ఇళ్లలో "చచ్చిపోవాలనిపిస్తోంది", "చంపేస్తా" అనేవి పూటకోసారి వినిపించే మాటలు. అందుకే పిల్లలు దీన్ని దాటిపోతారు, మీరు దాటిపోవద్దు. "ఎవరైనా నిజంగానే అలా అనుకుంటున్నామని మీతో చెబితే, అది రహస్యం కాదు, పెద్దవాళ్లకు చెప్పాలి" అని రెండు ముక్కల్లో చెప్పండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 2022 నుంచి నడుస్తోంది, నంబర్ 14416. దాన్ని ముందుండి నడిపించేది మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. నంబర్ మీ దగ్గర ఉంటే చాలు, పిల్లలను కంగారుపెట్టక్కర్లేదు.

ఇక జాక్. నవలలో నాకు అందరికంటే నచ్చిన పాత్ర ఇతనే. మంచివాడు, బలహీనుడు. గుంపులో ఉన్నప్పుడు గుంపుకు నచ్చే మాట అనేశాడు. పిల్లల్లో జూలియన్‌లు అరుదు, జాక్‌లు కోకొల్లలు. కానీ "నువ్వెప్పుడైనా జాక్‌లా చేశావా?" అని నేరుగా అడగకండి, ఒక్కరూ నిజం చెప్పరు. బదులుగా, ఆ సీన్‌లో జాక్‌కు ఇంకో మాట ఇవ్వమనండి. జూలియన్ ఎదురుగా ఉన్నాడు, మిగతావాళ్లు నవ్వుతున్నారు, గుంపులోంచి గెంటేయకుండా, ఆగీని తిట్టకుండా జాక్ ఏమని ఉండవచ్చు? చీటీల మీద రాయించండి. మొదట "స్టాప్ బుల్లీయింగ్!" లాంటివి వస్తాయి. "నిజంగా ఎవరైనా అలా అంటారా?" అని తిప్పి పంపండి. రెండోసారి అసలైనవి వస్తాయి. "సర్లే, బెల్ కొట్టారు పద." "వాడి సంగతెందుకురా, నీ వేషం చూపించు." మాట మార్చడం వీరోచితంగా ఉండదు కానీ పదకొండేళ్ల పిల్లవాడికి నోరు తిరిగేది అదే. ఒకసారి నోరు తిరిగితే నిజంగా అవసరమైన రోజు గుర్తొస్తుంది.

రెండో వారం, జాక్ ఎలా సరిదిద్దుకున్నాడో చదవాలి. ఆగీ ఎందుకు దూరమయ్యాడో అతనికి అర్థం కాదు, సమ్మర్ ఒక్క సూచన ఇస్తుంది, అప్పుడు తట్టుతుంది. ఆ తర్వాత జూలియన్‌ను కొట్టి పన్ను ఊడగొడతాడు, సస్పెండ్ అవుతాడు. మగపిల్లలు చప్పట్లు కొట్టే చోటు ఇది. కొట్టనివ్వండి. తర్వాత అడగండి: ఆగీకి కావాల్సింది ఆ దెబ్బా, జాక్ పంపిన క్షమాపణా? మా గుంపు ఇప్పటికీ దీని మీద రెండుగా చీలే ఉంది.

7. వియా: ఇంట్లో ఇంకో బిడ్డ

ఇది పిల్లల కన్నా పెద్దవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టే భాగం. వియా తమ్ముణ్ణి ప్రాణంలా చూసుకుంటుంది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో అన్నీ అతని చుట్టూ తిరుగుతుంటే ఫిర్యాదు చేయకుండా పెరిగింది. హైస్కూలు మారాక మాత్రం, అక్కడ ఎవరికీ తమ్ముడి సంగతి తెలియదు. తను నటించే నాటకం గురించి ఇంట్లో చెప్పకుండా దాస్తుంది, వాళ్లు వస్తే తమ్ముడూ వస్తాడు కాబట్టి. తనను అందరికన్నా ఎక్కువ ప్రేమించిన అమ్మమ్మ పోయాక, ఆ లోటు చెప్పుకోవడానికి కూడా ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు.

మన కుటుంబాల్లో దీనికి ఇంకో రూపం ఉంది. అక్కకు సంబంధాలు చూస్తున్నప్పుడు తమ్ముణ్ణి లోపలి గదిలో ఉంచడం, ఫొటోల్లో లేకుండా చూడడం. నవలలో జూలియన్ తల్లి క్లాస్ ఫొటోలోంచి ఆగీని కంప్యూటర్‌లో చెరిపేస్తుంది. చదివి ఛీ అంటాం. పెళ్లి ఆల్బమ్‌లు ఉన్న పెద్దవాళ్లు ఈ వారం అవి ఒకసారి తిరగేస్తే మంచిది.

పిల్లలతో ఒక్క ప్రశ్న చాలు: వియా చేసింది తప్పా? తప్పనేవాళ్లు ఒకవైపు, కాదనేవాళ్లు ఇంకోవైపు కూర్చోవాలి, మనసు మారితే లేచి అటు వెళ్లవచ్చు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నవాళ్లు ఎటు కూర్చున్నారో చూడండి. తీర్పు మాత్రం చెప్పకండి.

8. మీ గుంపులోనే వేరుగా ఉండే పిల్లలు ఉంటే

వినికిడి మిషన్ పెట్టుకునే పాప, తడబడుతూ మాట్లాడే బాబు, ఆటిజం ఉన్న పిల్లవాడు. ఉంటే చాలా మంచిదే. కానీ మొదలుపెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడాలి, ఆ తర్వాత ఆ పిల్లలతోనూ విడిగా మాట్లాడాలి. "ఇలాంటి పుస్తకం చదువుతున్నాం, నీకు ఇష్టమేనా? నీ గురించి ఎవరూ అడగరు, నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు." ఇంతే.

చదివేటప్పుడు ఆగీ పేరు వచ్చినప్పుడల్లా అందరి కళ్లూ ఆ బిడ్డ వైపు తిరుగుతాయి, ముందు మీ కళ్లు తిరగకుండా చూసుకోండి. "నీకెలా అనిపించింది చెప్పమ్మా" అని ప్రత్యేకంగా అడిగితే ఆ పాపను తోటివాళ్ల కోసం తెచ్చిన చార్టు చేసినట్టే. ఆగీ పాత్ర చదివే పని కూడా వాళ్లకే అంటగట్టకండి. జూలియన్ మాటలు చదవడం వాళ్లకు ఎంత సరదానో మీరు ఊహించలేరు.

9. అష్టావక్రుణ్ణి పక్కన పెట్టి చూడండి

నవల సగమయ్యాక, చదవడం ఆపి ఒక సాయంత్రం తెలుగులో అష్టావక్రుడి కథ చెప్పండి. భారతం అరణ్యపర్వంలో ఉంది. కహోడుడు వేదం వల్లిస్తుంటే కడుపులో ఉన్న బిడ్డ తప్పు పట్టాడు. తండ్రికి కోపం వచ్చి, ఎనిమిది వంకరలతో పుట్టమని శపించాడు. ఆ తండ్రి తర్వాత జనకుడి కొలువులో వంది అనే పండితుడితో వాదంలో ఓడి నీళ్లపాలయ్యాడు. పెరిగిన కొడుకు అక్కడికే వెళ్లాడు. చిన్నపిల్లవాడివి, లోపలికి పోకూడదని ద్వారపాలకుడు అడ్డుపడ్డాడు. జుట్టు నెరిసినంత మాత్రాన పెద్దవాడు కాడని చెప్పి, లోపలికి వెళ్లి, వందిని ఓడించి తండ్రిని విడిపించుకున్నాడు. సభ అతని నడక చూసి నవ్వడం, అతను తిరిగి నవ్వి నోళ్లు మూయించడం జనం నోట్లో పెరిగిన కథ. పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది.

చెప్పాక అసలు ప్రశ్న వెయ్యండి: వాదంలో అష్టావక్రుడు ఓడిపోయి ఉంటే సభ నవ్వడం సరైనదేనా? కాదంటారు అందరూ. అప్పుడు ఆగీ దగ్గరికి రండి. ఆగీ చురుకైనవాడు, సైన్స్ బాగా వచ్చు, జోకులు బాగా వేస్తాడు. మార్కులు రాని ఆగీ, ముక్కోపి ఆగీ, బొత్తిగా నవ్వించలేని ఆగీ అయితే సమ్మర్ పక్కన కూర్చునేదా? మన దగ్గర మెచ్చుకోలు ఎప్పుడూ "కళ్లు లేకపోయినా ఐఏఎస్ కొట్టాడు" అన్న పద్ధతిలోనే వస్తుంది. ఐఏఎస్ కొట్టనివాడికి మర్యాద ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు పదేళ్ల పిల్లలు మనకన్నా నిదానంగా, మనకన్నా బాగా జవాబు వెతుకుతారు.

10. ముగింపుతో పేచీ పెట్టుకోనివ్వండి

విద్యాసంవత్సరం చివర సభలో ఆగీకి పతకం ఇస్తారు, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడతారు. చాలామందికి కళ్లు చెమరుస్తాయి. నాకు మాత్రం ఈ ముగింపు సగమే నచ్చింది. ఆగీ చేసిందేమిటి? రోజూ బడికి వచ్చాడు, అందరిలాగే. దానికి పతకం ఎందుకు? ముఖం వేరుగా ఉన్నవాళ్లలో కొందరు కూడా ఈ మాటే అన్నారు: మామూలుగా బతకడానికి చప్పట్లు వద్దు, మామూలుగా చూస్తే చాలు అని. పిల్లలకు మీ అభిప్రాయం ముందే చెప్పకండి. "పతకం ఇంకెవరికి ఇవ్వొచ్చు?" అని అడగండి. మా దగ్గర ఎక్కువ ఓట్లు సమ్మర్‌కు పడ్డాయి, ఒక ఓటు ఆగీ వాళ్ల కుక్క డైజీకి.

ఈ ఘట్టం అయ్యాక చాలా చోట్ల దయ చార్టు ఒకటి గోడకు ఎక్కుతుంది. మంచి పని చేస్తే ఒక స్టార్, పది స్టార్లకు చాక్లెట్. దయచేసి వద్దు. స్టార్ల కోసం లిఫ్ట్‌లో ముసలాయన సంచి లాక్కుని మోసే పిల్లలను చూశాను, ఆయన వద్దంటున్నా సరే. సమ్మర్ మొదటి రోజు ఆగీ పక్కన కూర్చున్నప్పుడు ఎవరూ అడగలేదు, ఎవరూ లెక్క రాయలేదు. ఆగీకి తోడుగా ఉండమని ప్రిన్సిపల్ టుష్‌మన్ ముందుగా అడిగి పెట్టినవాళ్లు జాక్, జూలియన్, షార్లెట్. ఎవరి స్నేహం ఎలా తేలిందో పిల్లలకే వదిలేయండి.

11. సినిమా, ఆ తర్వాత జూలియన్

2017లో వచ్చిన సినిమా పుస్తకం పూర్తయ్యాకే చూపించండి. ముందు చూస్తే ఊహించుకోవడానికి ఏమీ మిగలదు. ఆగీ పాత్ర వేసిన జేకబ్ ట్రెంబ్లేకు ముఖం అలా లేదు, మేకప్‌తో అలా చేశారు. నిజంగా అలాంటి ముఖం ఉన్న పిల్లవాణ్ణే ఎందుకు తీసుకోలేదని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న, సినిమా అయ్యాక ఒక అరగంట దానికే ఇవ్వొచ్చు.

‘వండర్’లో జూలియన్ గొంతు మాత్రం ఎక్కడా వినిపించదు. పలాసియో తర్వాత అతని వైపు కథను విడిగా రాసింది, 2015లో వచ్చిన ‘ఆగీ అండ్ మీ’లో అది ఉంది. దాన్ని వెంటనే చేతికి ఇవ్వకండి. ముందు పిల్లల చేత జూలియన్ తన డైరీలో రాసుకున్నట్టు ఒక పేజీ తెలుగులో రాయించండి, తెలుగు రాయడం రానివాళ్లు చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. మొదటి విడతలో అందరూ అతణ్ణి సినిమా విలన్‌లా రాస్తారు, పెద్ద నవ్వుతో సహా. రెండో విడతలో అతనికి ఒక భయం తగిలించమనండి. ఆ తర్వాతి శనివారం అసలు కథ తెచ్చి, తాము రాసినదానికీ పలాసియో రాసినదానికీ ఎక్కడ కలిసిందో, ఎక్కడ కలవలేదో పెన్సిల్‌తో గుర్తుపెట్టమనండి. దీనికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి, మధ్యలో పునుగులో బజ్జీలో ఉంటే మూడు గంటలైనా కూర్చుంటారు.